చందమామను జరిపిన చేతులు

వర్క్‌షాపు క్యాంటీన్లో అతను నోరు విప్పాడంటే మిగతావాళ్ళ టీ చల్లారిపోవాల్సిందే. అతని కోతలు ఆకాశాన్నంటుతాయని అందరూ అతనికి రాకెట్ అని పేరు పెట్టారు. కుట్టు సెక్షన్లో పనిచేసే మరదలికి మాత్రం అతను బావ, అక్క మొగుడు.

ఆరోజు ఎదురుగా తనిఖీ అధికారి కూర్చున్నాడు. విమానం కూలిపోయేటప్పుడు పైలట్ సీటుతో సహా బయటికి ఎగిరిపోతాడు కదా, ఆ గాలి దెబ్బకి కాళ్ళూ చేతులూ విరగకుండా వాటంతటవే బిగుసుకునే కొత్త పట్టీలు పరీక్షలో నెగ్గాయి. ఎవరి ఆలోచనో కాగితం మీద రాయాలి. ఏడాదిపాటు కుట్టి, విప్పి, మళ్ళీ కుట్టింది మరదలు. బావ బిగించింది నాలుగు బోల్టులు.

"నాదేనండీ ఆలోచన," అన్నాడు బావ. "పరీక్షకి నేనే సీట్లో కూర్చున్నా. పిడి లాగానో లేదో, టక్కున మోకాళ్ళు దగ్గరికి, భుజాలు వెనక్కి, చేతులు పక్కకి! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పైకప్పుకి తల కొట్టుకుందా?" అంది స్టోరు చూసే పెద్దావిడ.

"కప్పు చీల్చుకునే పోయానమ్మా! మబ్బుల్లో ఇంకో పైలట్, పాపం పాత సీటు, కాళ్ళు గాల్లో తపతపా కొట్టుకుంటున్నాయి. చూస్తూ వదిలేస్తానా? రెండు చేతులా పట్టుకుని, మోకాళ్ళు మడిచి, నా బెల్టుతో కట్టేసి, చలికి వణుకుతున్నాడని చొక్కా గుండీలు కూడా పెట్టా."

"తల కూడా దువ్వకపోయావా!"

"దువ్వా! ఈలోగా కొంగల గుంపు, మెడలు వంకర పెట్టుకుని వస్తోంది. ఒక్కొక్కదాన్నీ పట్టి నిటారుగా సర్దా. ఇంకా పైకి పోతే చందమామ అడ్డం. అరచేత్తో ఇలా పక్కకి నెట్టా. ఇప్పటికీ కాస్త ఒరిగే ఉంది, కావాలంటే చూసుకోండి!"

క్యాంటీనంతా ఘొల్లున నవ్వింది. మరదలికీ నవ్వొచ్చింది. అంతలో అధికారి కలం మూత తీశాడు. ఇంట్లో అయితే అక్క ముఖం చూసి ఊరుకునేది. తన ఏడాది పని మీద బావ పేరు పడబోతుంటే ఎలా ఊరుకుంటుంది?

"బావా, ఇవన్నీ పట్టీలు బిగిసి ఉండగానే చేశావా?"

"బిగిసే ఉన్నాయి మరదలా, ఉడుంపట్టు!"

"మరి చేతులెలా బయటికొచ్చాయి? చేతులు కదలకూడదనే కదా ఆ పట్టీలు కుట్టింది. నీ చేతులు కదిలాయంటే పట్టీ పనికిమాలినది. పట్టీ మంచిదైతే నువ్వు నేల వదల్లేదు. ఏది రాసుకోవాలో సారుకి నువ్వే చెప్పు."

బావ వెంటనే మాట మార్చాడు. "చేతులతో అని ఎవరన్నారు? పళ్ళతో చేశా!"

"తల కదలకుండా పట్టేది కూడా ఉంది బావా. కుట్టినదాన్ని, నాకు తెలీదా?"

అధికారి కుర్చీ ఆమె వైపు తిప్పుకున్నాడు. "మోచెయ్యి దగ్గర కుట్టు ఎందుకు మార్చారమ్మా?"

ఆమె చెప్పింది, కొలతలతో సహా. బావ రెండుసార్లు నోరు తెరిచాడు గానీ, స్టోరు పెద్దావిడ వేలు చూపించేసరికి మూసుకున్నాడు. అధికారి పేరు అడిగి రాసుకోబోయాడు.

"ఇంటిపేరు కూడా రాయండి సార్," అంది మరదలు. "బావది కాదు. నాది."