పడవ పాట, తొమ్మిదో తారీఖు

దినపత్రిక ఆఫీసు, మూడో అంతస్తు, మధ్యాహ్నం మూడు గంటలు. బల్లకు ఇవతల ‘ఈ తేదీన ఒక పాట’ అనే శీర్షికను పదకొండేళ్లుగా రాస్తున్న పెద్దమనిషి, అవతల పేరున్న గాయని గారి చెల్లెలు. కూర్చోమన్నా ఆమె కూర్చోలేదు. మర్యాదకైనా లేవాలని ఆయనకు తోచలేదు.

“అది కాదు నేనడిగింది. ఎవరు చెప్పారు మీకు?”

“అమ్మా, ముందు కూర్చోండి.”

“కూర్చోడానికి రాలేదు. కూర్చుంటే టీ అంటారు, టీ తాగితే సర్దుకుపొమ్మంటారు. ఎవరు చెప్పారు?”

“నమ్మకమైన వర్గాలు అని రాశాను కదండీ.”

“వర్గాలు! ఆ వర్గాలకి ముక్కూ మొహం ఉంటాయా? ఇదిగో ఇవాళ్టి మీ పేపరు. మీ ఘనకార్యం మీరే చదవండి. పైకి.”

“నేను రాసిందే కదమ్మా, నాకు తెలుసు.”

“తెలిసినట్టు లేదు. చదవండి.”

“‘నలభై ఏళ్ల కిందట ఇదే తేదీన, అంటే తొమ్మిదిన, పడవ పాట రికార్డయింది. ఆ ఉదయం గాయనికి గొంతు పట్టేసింది. వాద్యగాళ్లంతా వచ్చి కూర్చున్నారు. స్టూడియో మళ్లీ దొరకదు. కోరస్‌లో నిలబడ్డ ఒక అమ్మాయి ముందుకొచ్చి పాట పాడేసి వెళ్లిపోయింది. రికార్డు మీద పేరు మాత్రం గాయనిదే పడింది. ఆ అమ్మాయి ఎవరో నేటికీ ఎవరికీ తెలియదని నమ్మకమైన వర్గాలు చెబుతున్నాయి.’”

“ఆపండి. ‘పాడేసి వెళ్లిపోయింది.’ ఏదో బస్సెక్కి దిగిపోయినట్టు! పాటంటే ఏమిటనుకున్నారు మీరు?”

“క్లుప్తంగా రాయాలండీ. నాకిచ్చేది అరచేయంత చోటు.”

“అరచేయంత చోటులో మా అక్క నలభై ఏళ్ల పరువు తీశారు. పేజీ మొత్తం ఇచ్చుంటే ఇంకేం చేసేవారో!”

“పరువు తీయాలని కాదమ్మా...”

“రేపు సాయంత్రం అక్కకి సన్మానం. దేనికి? ఆ పడవ పాటకే. నలభై ఏళ్లు నిండుతున్నాయని. పొద్దున్న పేపరు తలుపు దగ్గర పడిందో లేదో, సభ వాళ్ల ఫోను. ‘ఏమండీ, ఇలా వచ్చిందేమిటి, రేపు పొద్దున్న పేపర్లో ఇది తప్పు అని పడకపోతే మేము ఆలోచించుకోవాలి’ అని. ఆలోచించుకుంటారట! ఇన్నాళ్లూ లేని ఆలోచన!”

“అర్థమైందమ్మా.”

“అర్థమైతే సరిపోదు. అది తప్పు అని రేపటి పేపర్లో వెయ్యండి. మళ్లీ ఎక్కడో చివరి పేజీలో, వాతావరణం కింద కాదు. ఇదే చోట, ఇంతే అక్షరాల్లో. తర్వాత ఆ చెప్పినవాళ్లెవరో నాకు చెప్పండి.”

“చెప్పినవాళ్ల పేరు బయటపెట్టడం మా వృత్తిలో...”

“వృత్తి! సౌండు మాస్టారా?”

“ఎవరు?”

“ఆ పాట రికార్డు చేసినాయన. ఆయన పోయి పన్నెండేళ్లయింది. పోయేముందు ఎవరికైనా చెప్పాడా?”

“అదీ...”

“సంగీతం కట్టినాయన అంతకు ముందే పోయాడు. వయొలిన్ వాయించినాయనకి ఇప్పుడు కన్నకొడుకు పేరే గుర్తు లేదు. మరి ఎవరు?”

“మీకు చాలా వివరంగా గుర్తుందే!”

“ఉండదా? అక్క ఎక్కడ పాడితే అక్కడ నేను. నలభై నాలుగేళ్లు. వేణ్ణీళ్ల ఫ్లాస్కు పట్టుకుని, కోరస్‌కి ఓ మనిషి తక్కువైతే వెనక వరసలో నిలబడి. చీర మడతలు నేనే, మందులు నేనే, మీలాంటివాళ్లకి సమాధానాలు నేనే. మాట మార్చకండి.”

“మార్చడం లేదమ్మా.”

“మారుస్తున్నారు. సరే, అదలా ఉంచండి. పోయిన వారం ఏం రాశారు? కత్తిరించి తెచ్చాను. ‘ఇదే తేదీన ఒక గాయకుడు మైకు ముందు తుమ్మాడు. ఆ తుమ్ము బాగుందని పాటలో ఉంచేశారు.’ ఏ గాయకుడు? ఏ తుమ్ము?”

“దానికి పాఠకులు చాలా ఉత్తరాలు రాశారండీ.”

“రాయరూ మరి! నాలుగో తేదీ. ‘ఇదే తేదీన ఒక తబలా విద్వాంసుడు తబలాలు మరిచిపోయి వచ్చి, రేకు డబ్బా మీద కచేరీ ముగించాడు.’ ఐదో తేదీ. ‘ఇదే తేదీన కచేరీ మధ్యలో కరెంటు పోతే ఒక గాయని చీకట్లో గంటన్నర పాడింది.’ ఆరో తేదీ. ‘ఇదే తేదీన కచేరీ మధ్యలో కరెంటు పోతే వేణువు వాయించే ఒకాయన...’ మళ్లీ కరెంటే! ఈ పాటల చరిత్ర రాసేది మీరా, కరెంటాఫీసు వాళ్లా?”

“కరెంటు రెండుసార్లు పోయుండొచ్చు కదమ్మా.”

“ఎవరికీ పేరు లేదు, ఊరు లేదు. ఒక గాయని, ఒక విద్వాంసుడు, ఒక తుమ్ము. అయ్యా, సూటిగా అడుగుతాను. ఇవన్నీ జరిగాయా?”

“కొన్ని జరిగాయి.”

“ఎన్ని?”

“పుట్టినరోజులూ పోయినరోజులూ నిజమే. అవి పుస్తకాల్లో ఉంటాయి.”

“మిగతావి?”

“ఆ తలుపు కాస్త దగ్గరికి వెయ్యండమ్మా.”

“వేశాను. ఇప్పుడు చెప్పండి.”

“ఏడాదికి మూడు వందల అరవై అయిదు రోజులండీ. నాకు రోజూ ఏదో ఒకటి జరిగి ఉండాలి. పాటలవాళ్లు క్యాలెండరు చూసుకుని పుట్టరు కదా! కొన్ని తేదీల్లో వాళ్లు పుట్టలేదు, పోలేదు, ఒక్క పాటా విడుదల కాలేదు. వాటిని నేను ఖాళీ తేదీలంటాను. తేదీ ఖాళీ అని పేపర్లో చోటు ఖాళీగా వదల్లేం కదా.”

“అందుకని?”

“అందుకని... కాస్త ఊహ.”

“తొమ్మిదో తారీఖు?”

“పూర్తిగా ఖాళీ.”

“అంటే నీకెవరూ చెప్పలేదు.”

“ఎవరూ చెప్పలేదమ్మా.”

“సౌండు మాస్టారు ఎక్కడా రాసి పెట్టలేదు.”

“ఆయన పేరు కూడా నాకు తెలియదు.”

“పొద్దుట్నుంచీ గుండె చేత్తో పట్టుకుని తిరుగుతున్నాను నేను. ఎవరో ఒకరు పోయేముందు నోరు తెరిచారని. చివరికి ఇదా! నీ బల్ల మీద పుట్టిన సంగతా!”

“మీరు నవ్వుతున్నారా?”

“నవ్వక ఏడవమంటావా? రోజుకో అబద్ధం చొప్పున పదకొండేళ్లు! నీకు తిన్నది ఎలా అరిగిందయ్యా?”

“ఎవరికీ నష్టం లేకుండానే రాస్తానండీ. అందుకే పేర్లు పెట్టను. కోరస్‌లో పేరు లేని అమ్మాయి అన్నాననుకోండి, ఆ అమ్మాయి ఎక్కణ్ణుంచో ఊడిపడి నాతో తగువు పెట్టుకోదు కదా! లేని మనిషాయె.”

“లేని మనిషట!”

“ఏమన్నారు?”

“ఏమీ అనలేదు. లోకంలో ఇన్ని పాటలుండగా మా అక్క పాటే ఎందుకు దొరికింది నీకు?”

“చెబితే కోప్పడతారు.”

“ఇప్పుడేమైనా ముద్దు చేస్తున్నానా?”

“మీ అక్కగారి పాటలు దొరికినవన్నీ విన్నానండీ. బాగా పాడతారు, కాదనను. కానీ ప్రతి పాటలోనూ పాడుతూ పాడుతూ మన వైపు చూస్తున్నట్టుంటుంది, ‘ఎలా ఉంది నా పాట’ అని. ఒక్క పడవ పాటలో అలా ఉండదు. ఎవరూ వినడం లేదనుకుని పాడుకున్నట్టుంటుంది. మా అమ్మ చనిపోయిన ఏడాది నేను అదొక్కటే విన్నాను, ఇంకో పాట చెవికి ఎక్కలేదు. ఆవిడ మళ్లీ ఎప్పుడూ అలా ఎందుకు పాడలేదా అని చాలాసార్లు అనుకున్నాను. ఖాళీ తేదీ కనబడగానే ఈ ఊహ తన్నుకొచ్చింది. అంతే. తప్పు నాదే.”

“ఏ చోట?”

“ఏమిటండీ?”

“ఏ చోట అలా అనిపించింది? ఊరికే అనేస్తే కుదరదు.”

“రెండో చరణంలో. రేవు కనుమరుగైపోయిందనే చోట. అక్కడ గొంతు పెంచాలి, ఎవరైనా పెంచుతారు. అందులో తగ్గింది. నాకు అక్కడ ప్రతిసారీ కళ్లు చెమర్చుతాయి, సిగ్గు లేకుండా చెబుతున్నాను.”

“పెంచమనే అన్నాడు సంగీతం ఆయన. రెండుసార్లు అరిచాడు కూడా.”

“అలాగా! మరి అక్కగారు వినలేదా?”

“వినలేదు. చెవి ఉన్న దొంగవయ్యా నువ్వు. అలాంటి చెవి పెట్టుకుని తుమ్ముల మీద రాస్తావా! సరే, కాగితం తియ్యి. సభ వాళ్లు ఐదింటికి మళ్లీ ఫోను చేస్తారు.”

“కాగితం కాదమ్మా, ఫారం ఉంది. మా ఎడిటర్ గారి పద్ధతి. సవరణ ఎవరు కోరితే వాళ్లే ఇందులో రాసి సంతకం చెయ్యాలి. మూడు గళ్లు. తప్పు ఏమిటి, ఒప్పు ఏమిటి, ఆ సంగతి మీకు ఎలా తెలుసు. రాసింది రాసినట్టు, పేరుతో సహా అచ్చవుతుంది. మేము ఒక్క అక్షరం మార్చం.”

“ఎలా తెలుసు అని కూడానా?”

“ఆ రోజు అక్కడ ఉన్నానని రాయండి, చాలు.”

“బాగుంది మీ న్యాయం! రాసేవాడికి ఏమీ తెలియక్కర్లేదు. కాదన్నవాళ్లు మాత్రం ప్రమాణం చెయ్యాలి.”

“ఊహ సంగతి ఎడిటర్ గారికి తెలియదమ్మా. తెలిస్తే శీర్షికా పోతుంది, నేనూ పోతాను. అక్కడ ఉన్న మనిషే పొరపాటని రాసిచ్చారంటే, నాకెవరో తప్పు చెప్పారని సర్దుకుంటాను.”

“అంటే నా సంతకం చాటున నువ్వు దాక్కుంటావు.”

“అలా అంటే ఎలాగమ్మా...”

“ఎలా అన్నా అంతే. దాక్కో. నా చాటున దాక్కోవడం అందరికీ అలవాటే. ఉండు, ఫోను. అక్క.”

“మాట్లాడండి, మాట్లాడండి.”

“ఆ, అక్కా... ఇక్కడే ఉన్నాను... రాయిస్తున్నాను. ఎవరూ చెప్పలేదట, ఊహట... అవును, కనిపెట్టి రాశాడట... లేదు, ఎవరికీ తెలియదు. నువ్వు కంగారుపడకు... ఇంకా గట్టిగానా? చెప్పు, వింటున్నాను... ఆఁ... ఆఁ... అక్కా, అదెందుకు?... కాదు, నవ్వడానికి బాగానే ఉంటుంది... ఆ ముక్క లేకపోయినా సరిపోతుంది కదా అక్కా... నేనేం అనుకుంటాను, అనుకోను... సరే. సరే అన్నాను కదా. మూడింటి మాత్ర వేసుకున్నావా?... ఎర్ర డబ్బా కాదు, తెల్లది... పెట్టేస్తున్నాను.”

“ఏమంటున్నారు అక్కగారు?”

“రెండు ముక్కలు చేర్చమంది. నేను చెబుతాను, నువ్వే రాయి. ‘ఆ పాట పాడగల గొంతు ఆనాడు ఆ స్టూడియోలో ఇంకొకటి లేదు.’”

“రాశాను. బాగుందమ్మా, గట్టిగా ఉంది.”

“‘నలభై నాలుగేళ్లు అక్క పక్కనే తిరిగాను. నాకే ఈనాటికీ సరిగమలు రావు. పాటంటే పక్కనున్నవాళ్లకి అంటుకునే జలుబు కాదు.’”

“ఇది కూడానా?”

“రేపు సభలో పైకి చదివిస్తుందట. జనం నవ్వుతారట.”

“మీ సంతకంతోనా?”

“నా సంతకంతోనే. రుచంతా అందులోనే ఉందట.”

“మీకు నిజంగా రావా అమ్మా?”

“మా ఇద్దరికీ ఒకే మాస్టారు. ఒకే చాప. మాస్టారు ముందు నన్ను పాడమనేవాడు, తర్వాత అక్కని.”

“మరి మీరెందుకు...”

“ఇంట్లో ఇద్దరు పాడితే ఫ్లాస్కు ఎవరు పట్టుకుంటారు? ఆ ఫారం ఇటియ్యి.”

“సంతకం ఇక్కడమ్మా, అడుగున. అయ్యో, అదేమిటి, ఎందుకు చింపేశారు?”

“ఇంకోటి ఇయ్యి. కొత్తది.”

“ఇదుగోండి. కానీ ఐదింటికల్లా...”

“నువ్వు నోరు మూసుకుంటే అయిదు నిమిషాల్లో అయిపోతుంది.”

“సరే.”

“రాసింది రాసినట్టు వేస్తామన్నావు. ఒక్క అక్షరం మార్చమన్నావు.”

“మార్చం. ఎడిటర్ గారు కూడా మార్చరు.”

“అయితే చదువు. మొదటి గడి.”

“‘తప్పు: తేదీ.’ తేదీ ఒక్కటేనా అమ్మా?”

“రెండోది.”

“‘ఒప్పు: పడవ పాట రికార్డయింది తొమ్మిదిన కాదు, పదమూడున, మంగళవారం ఉదయం. మిగతాదంతా రాసినట్టే జరిగింది.’ అమ్మా, ఏమిటిది! రేపు సన్మానం...”

“నాకు తెలుసు.”

“అక్కగారు చూస్తే?”

“చూడాలనే. మూడో గడి నువ్వు రాయి, నేను చెబుతాను.”

“ఎలా తెలుసు అన్నదా? ఆ రోజు అక్కడ ఉన్నానని రాయనా?”

“ఉన్నానని కాదయ్యా. పాడానని రాయి.”