చుక్క పెట్టిన గుడ్లు

ఆగండాగండి, చేతిలో పని పక్కన పెట్టి ఒక్కసారి ఇటు చెవి పెట్టండి. పాలకొల్లు పక్క పల్లెలో పెద్దింట్లమ్మ గారి ఇల్లు. పశువుల ఆసుపత్రిలో కొత్తగా చేరిన అసిస్టెంటు సత్యశ్రీ గుమ్మంలో నిలబడింది. పక్కింటి వీరదుర్గ గోడ మీంచి తొంగి చూస్తోంది. గోదావరి పాయ అవతల లంక ఊళ్లో బర్డ్ ఫ్లూ అని కోళ్లన్నీ పూడ్చేసి ఇంకా నెల కాలేదు. వినండి.

"లేదంటున్నాను కదమ్మా. ఎర్ర పెట్ట లేదు. ఎటో పోయింది."

"ఎటో అంటే ఎటండీ పెద్దింట్లమ్మ గారూ? పిల్లి పట్టుకెళ్లిందా, కుక్క తినేసిందా, మీరే కోసుకున్నారా?"

"ఆయ్... కుక్కే. కుక్కే అయ్యుంటుందండి."

"అబద్ధం మేడం! కుక్కొస్తే మా కుక్క ఊరుకుంటుందా? ఆ పెట్ట బయటికొచ్చి ఎన్నాళ్లయిందో! రోజూ పొద్దున్నే లోపలి గదిలోకి నూకలు పట్టుకెళ్తుంది వదిన. లేని కోడికి నూకలెందుకో అడగండి!"

"వీరదుర్గా, నీ ఇంటి పని నువ్వు చూసుకో."

"నా ఇంటి పనే వదినా ఇది! నీ కోడికి జబ్బొస్తే నా కోళ్లని కూడా పట్టుకుపోయి గోతిలో వేస్తారు. మేడం, మీ ఆసుపత్రికి ఫోన్ చేసింది నేనే. నా పేరు బయటికి చెప్పొద్దన్నాను గానీ, ఇప్పుడు నేనే చెప్పేస్తున్నాను."

"నువ్వా చేసింది? తిన్నింటి వాసాలు..."

"గొడవలొద్దండీ! వీరదుర్గ గారూ, ముందు మీరు గోడ దిగండి, పడతారు. పెద్దింట్లమ్మ గారూ, ఆ తలుపు తీయండి."

"దేవుడి గదండి అది. చెప్పులతో..."

"చెప్పులు విప్పేశాను. మాస్కుంది, గ్లవ్స్ ఉన్నాయి. తీయండి."

"చీకటండి లోపల."

"ఫోన్ లైటుంది."

"లైటు వెయ్యకండి! బెదురుద్ది!"

"ఏది బెదురుద్ది? దేవుడా?"

"...పెట్ట. ఎర్ర పెట్ట."

"అనుకున్నాను! అయ్య బాబోయ్, ఇదేంటండీ ఇలా ఉంది? ఈకలన్నీ ఉబ్బిపోయాయి, తల లోపలికి ముడుచుకుంది, కదలట్లేదు, తురాయి చూడండి ఎలా పాలిపోయిందో! సరిగ్గా ఇవే చెప్పారు మాకు ట్రైనింగ్‌లో. డాక్టర్ గారికి ఫోన్ చేస్తాను, ఉండండి."

"చెయ్యకండమ్మా, మీకు దణ్ణం పెడతాను! జబ్బు కాదు. పొదుగులో ఉందది. పొదుగుకొచ్చిన పెట్ట గుడ్ల మీద అలాగే కూర్చుంటుంది."

"అందరూ ఏదో ఒకటి అంటారండి. లంకలో కూడా ఎండదెబ్బ, ఎండదెబ్బ అన్నారంట మొదట్లో."

"పోనీ చెయ్యి పెట్టి చూడండి. పొట్ట కింద."

"పెడతాను. నాకేం భయమా? ఇదిగో... అబ్బా! పొడిచింది! గ్లవ్ చిరిగిందా? లేదు, లేదు."

"జబ్బు కోడి పొడుస్తుందాండీ?"

"గుర్రుమంటోంది కూడా! నిజమేనండోయ్, జబ్బు చేస్తే ఇంత కోపం ఉండదు. ఆగండి, సరిగ్గా చూడనివ్వండి. పొట్ట కింద వేడిగా ఉంది, ఈకల్లేవు, చర్మమే తగులుతోంది. ఆ ఈకలేమయ్యాయి?"

"అదే పీక్కుంటుందమ్మా. గుడ్లకి ఒంటి వేడి తగలాలిగా."

"కరెక్ట్! పుస్తకంలో బొమ్మ చూశాను, నిజం కోడి మీద చూడ్డం ఇదే ఫస్ట్ టైమ్! రెట్ట ఎక్కడుంది? పచ్చగా నీళ్లలా ఉంటే మాత్రం నేనేం చెయ్యలేను."

"అదిగో, మూల. మీరు వెతకక్కర్లేదు, వాసనే చెప్పుద్ది."

"ఛీ ఛీ, మాస్కులోంచి కూడా కొడుతోంది! కానీ ముద్దే. పెద్ద ముద్ద. గుడ్ల మీంచి లేవకుండా ఆపుకుని ఆపుకుని ఒక్కసారే వేస్తాయంట. పెద్దింట్లమ్మ గారూ, హండ్రెడ్ పర్సెంట్ ఇది పొదుగే!"

"ఇందాకట్నించీ నేను చెప్పేది అదేగా."

"ఇందాక మీరు కుక్క తినేసిందన్నారు."

"మేడం, ఏమైంది? చచ్చిందా?"

"లేదండీ, బాగానే ఉంది! మీరింకా గోడ దిగలేదా?"

"బాగుంటే దాచడమెందుకు మేడం? మా ఇంట్లో తెల్ల పెట్ట కూడా పొదుగులోనే ఉంది. అందరికీ కనపడేలా వసారాలో పెట్టుకున్నాను. లోపల పెట్టి తలుపేసుకుంటారా ఎవరైనా? మీరడుగుతుండండి, నేను దానికి నీళ్లు పెట్టొస్తాను."

"అదీ పాయింటే. చెప్పండి పెద్దింట్లమ్మ గారూ, ఎందుకు దాచారు?"

"మీ వాళ్లు చూస్తే పట్టుకుపోతారేమోనని భయమండి."

"బాగున్నవాటిని ఎందుకు పట్టుకెళ్తాం? సరే, అయ్యిందేదో అయ్యింది. ఇంకొక్క పనుంది. ఈ నెలలో పిల్లల్ని చేయించొద్దని మాకు పైనుంచి ఆర్డరు. గుడ్లు తీసేసి పొదుగు మాన్పించాలి."

"మాన్పించడమా? ఇప్పుడా?"

"కంగారు పడకండి. ముక్కులో ఈక గుచ్చడం, కాలికి తాడు కట్టి నీళ్లలో ముంచడం, అలాంటివేం చెయ్యకండి, పాపం. అడుగున ఊచలున్న బోను ఒకటి తెచ్చి, కింద గాలాడేలా ఇటుకల మీద పెట్టండి. గడ్డి వెయ్యకూడదు, వెలుతురుండాలి. మేతా నీళ్లూ మాత్రం బాగా పెట్టండి. పొట్ట చల్లబడితే నాలుగు రోజుల్లో పొదుగు మర్చిపోయి మళ్లీ మందలో కలిసిపోద్ది. గంప ఇటు జరపండి, గుడ్లు తీస్తాను."

"వద్దమ్మా."

"ఎందుకొద్దు?"

"వద్దు. ముట్టుకోకండి. పాపం తగులుద్ది."

"నాకు తగిలితే నేను చూసుకుంటాను. ఇదేంటి, ఎండుమిరపకాయ, ఇనుప మేకు? ఏం చేస్తున్నారండీ మీరు ఈ గదిలో?"

"ఉరుములకి గుడ్లు చెడిపోకుండా పెడతామమ్మా. అందరం పెడతాం."

"మరి ఈ బొగ్గు గుర్తులు?"

"పొదుగుకి వేసిన గుడ్లని తెలియడానికి. వేరే పెట్ట వచ్చి కొత్త గుడ్డు పెట్టిపోతే తెలియద్దా?"

"కొన్నింటికి గీతుంది, కొన్నింటికి చుక్కుందేం?"

"బొగ్గు అరిగిపోయుంటుంది."

"బొగ్గు అరిగితే గీత చుక్కవుతుందాండీ? ఈ చుక్కవి చిన్నగా ఉన్నాయి, రంగు కూడా వేరు. మీ పెట్ట గుడ్లు కావివి. ఎక్కడివి?"

"కొన్నానమ్మా."

"ఎక్కడ కొన్నారు?"

"సంతలో."

"కోళ్ల సంత మేమే మూయించాం కదండీ."

"అంతకు ముందే కొన్నాను."

"అప్పటివైతే ఈపాటికి పిల్లలైపోవాలి, లేదా మురిగిపోవాలి. నా మొహం చూసి చెప్పండి."

"మా చెల్లి తెచ్చింది. బేబీ."

"బేబీ గారిది ఏ ఊరు?"

"ఊరంటే... ఇక్కడే. దగ్గరే."

"పెద్దింట్లమ్మ గారూ. లంకా?"

"గోతులు తవ్వుతున్నారని తెలియగానే పడవెక్కేసిందమ్మా. టిఫిన్ క్యారేజీలో గుడ్లు పెట్టి, పై గిన్నెలో అన్నం పెట్టుకుని వచ్చింది. అది ఇక్కడికొచ్చి వెనక్కెళ్లేలోపు ఇల్లంతా ఖాళీ. ఒక్క కోడిని కూడా మిగల్చలేదు. మా అమ్మ పెంచిన జాతమ్మా అవి. పెళ్లై వెళ్తుంటే దానికిచ్చింది అవే. 'అక్కా, నీ పెట్ట పొదుగులో ఉందిగా, ఈ గుడ్లన్నా బతికించు' అని కాళ్లు పట్టుకుంది. ఎలా కాదనేది?"

"ఇదెంత డేంజరో తెలుసా మీకు? ఊళ్లో కోళ్లన్నీ పోతాయి. మనుషులకి కూడా అంటుకోవచ్చు!"

"తెలుసమ్మా. అందుకేగా దీన్ని వేరే పెట్టి, నేనొక్కదాన్నే లోపలికెళ్తున్నాను. జబ్బే ఉంటే ఇన్నాళ్లకి నా పెట్ట పడిపోదా? బాగుందని మీ నోటితో మీరే అన్నారు."

"అన్నాను... అన్నాను గానీ, ల్యాబ్ చెప్పాలండి అది, నేను కాదు. శాంపిల్ పంపితే గుడ్లెక్కడివో చెప్పాలి. చెప్తే..."

"చెప్తే గొయ్యి తవ్వుతారు."

"ఉండండి, ఉండండి. ఏంటా చప్పుడు?"

"ఆ గుడ్డు చెవి దగ్గర పెట్టుకోండి."

"లోపల కొడుతోంది! ఇక్కడ చిట్లింది కూడా! పిల్ల అరుస్తోందండీ!"

"అమ్మయ్య. బేబీకి ఫోన్ చెయ్యాలి."

"ఎవరికీ చెయ్యకండి! నన్ను ఆలోచించుకోనివ్వండి. ఈ గదికి తాళం వేసేసి, మీరు తప్ప ఎవరూ రాకుండా చూసి, నేను రోజూ వచ్చి... పోనీ డాక్టర్ గారితో మెల్లిగా మాట్లాడి... ఇంకెవరూ ముట్టుకోలేదు కదా వీటిని? లంక గుడ్లన్నీ ఇక్కడే ఉన్నాయి కదా?"

"ఈ పెట్ట కింద అన్నీ పట్టలేదమ్మా."

"అంటే? మిగతావి ఏం చేశారు?"

"సరిగ్గా అప్పుడే ఇంకొకళ్ల పెట్ట కూడా పొదుగుకొచ్చింది. వాళ్లకి పుంజు లేదు. పొదుగుకి గుడ్లుంటే ఇవ్వమని అడిగింది. అడిగితే లేదనకూడదు కదా. సగం ఇచ్చేశాను. ఎక్కడివో చెప్పలేదు."

"ఎవరికిచ్చారు?"

"వదినా! మేడం! ఇటు రండి ఒకసారి! మా తెల్ల పెట్ట కింద పిల్లలు దిగిపోతున్నాయి! నువ్విచ్చిన చుక్క గుడ్లే వదినా, ఒక్కటీ మురగలేదు! మా కోళ్లన్నీ చుట్టూ మూగి చూస్తున్నాయి!"

మీరే సత్యశ్రీ అయితే, ఆ గోడ దగ్గరికెళ్లి ఏం చెప్తారు?