చిట్టెండ

హలో… ఆ, నేనేనండీ, కథ పంపిన టీచర్నే… పత్రిక ఆఫీసు నుంచా? చెప్పండమ్మా.

వేసుకుంటున్నారా… ఒక్క నిమిషం, కూర్చుంటాను.

ఆ, చెప్పండి… ఏడు నవలలు రాశాను గానీ, అన్నీ ఇక్కడి భాషలోనే. బళ్లో ముప్పై ఒక్క ఏళ్లు పిల్లలకి నేర్పిందీ అదే. మన భాషలో రాయడం ఇదే మొదలు… అరవై మూడు నిండాయి.

ఏ మాట… 'చిట్టెండా'? అందులో అర్థం కానిదేముంది? వంటింటి కిటికీలోంచి కాసేపు వచ్చి పోతుందే, ఆ ఎండ.

నీరెండ వేరమ్మా. అది వీధంతా కాస్తుంది. ఇది గచ్చు మీద చాపంత పడుతుంది, అరగంటసేపు. మా అమ్మ నాకు జడ వెయ్యాలన్నా అందులోనే కూర్చోబెట్టేది—

నిఘంటువులో లేదా… పోనీ, మీ ఇంట్లో ఏమంటారు?… మీ అమ్మగారు కూడా అనరా… ఆఫీసులో అందరినీ అడిగారా.

అందరూ అంటారనుకున్నాను. పదేళ్లప్పుడు ఇటొచ్చేశాం. ఆ తర్వాత నాకు మన భాషంటే మా అమ్మే. ఆవిడే కల్పించి ఉంటుంది… అడగడానికి లేదమ్మా. పోయి నాలుగేళ్లయింది.

ఇక్కడా?… ఎవరూ లేరు. ఆవిడ తర్వాత ఈ భాషలో మాట్లాడ్డం ఇదిగో, ఇప్పుడు, మీతోనే. కాస్త తడబడుతున్నాను, ఏమనుకోకండి.

మార్చాల్సిందేనా… ఎడిటర్ గారు ఒప్పుకోరంటారా.

అయితే కథ వెనక్కి పంపేయండి… కోపం కాదమ్మా. ఆ ఏడు నవలల్లో మా అమ్మకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అట్టలు తుడిచి, బీరువాలో పెట్టేది. అంతే. ఈ ఒక్కదాంట్లోనైనా ఆవిడ మాట ఉండనివ్వండి.

…మీరే చెబుతారా ఆయనకి? సరే. మీ ఇష్టం.

అప్పుడే పెట్టేస్తారా?… రెండు నిమిషాలు ఏదన్నా మాట్లాడండి. కథ గురించి వద్దు. మీ ఇంటి సంగతులే… ఊఁ… పొద్దున్నే గొడవా… మీ అత్తగారా?… 'బిల్డప్ ఇవ్వకు' అన్నారా మిమ్మల్ని? అంటే ఏమిటి?… ఓహో, గొప్పలు పోవడమా. బాగుంది. ఉండండి, రాసుకుంటున్నాను… మా అమ్మ వింటే రోజుకి పదిసార్లు అనేది.

ఊఁ… మీరేమన్నారు?… ఆ తర్వాత?… విసుగేమిటి, చెప్పండి. వింటున్నాను—

హలో?… హలో…

అమ్మా?