ఘాటు రోడ్డు మేస్త్రి అసిరయ్య గారికి

అధ్యక్షులు ధర్మలింగం గారికి, పెద్దలకు, ఘాటు పనివారికి, ముందు వరుసలో కూర్చోమన్నా గుమ్మం దగ్గరే నిలబడ్డ నీలమ్మ గారికి నమస్కారాలు. అమ్మా, ఈ సభ ఉద్యోగ విరమణ చేస్తున్న మీ ఆయన కోసమే, వచ్చి కూర్చోండి. (నవ్వులు)

బరంపురంలో చింతపండు, పసుపు టోకున అమ్ముకునే నాకు రోడ్డు మేస్త్రి గురించి మాట్లాడే అర్హత ఏమిటని మీలో కొందరు అనుకోవచ్చు గాని, ముప్ఫై ఏళ్లుగా నా సరుకు కొండ దిగింది అసిరయ్య గారు బాగుచేసిన దారినే. మనపై పెత్తనం మద్రాసు నుంచి కటకానికి మారినా ఆ దారిన గునపం పట్టిన చెయ్యి మారలేదు.

అలా పెత్తనం కటకానికి మారి కొత్త రాష్ట్రం వచ్చిన మూడో ఏడు, శ్రావణమాసం. పురుటికని మా అమ్మాయి వాసవీకుమారిని అల్లుడి ఊరి నుంచి తీసుకొస్తున్నాను. అయిదు రోజులుగా ముసురు. ఘాటు సగం దిగాక ఈయన అడ్డంగా నిలబడి బస్సు ఆపించారు.

"కొండ దిగుతంది బాబూ. జనాన్ని దించీయండి."

"నాకేమీ కనబడదే" అన్నాను.

ఆయన పక్కనున్న బండమీద గునపంతో కొట్టారు. గట్టి రాయి ఖంగుమంటుంది, అది బద్దుమంది. ఊడిన పెళ్లను పిడికిట్లో నలిపితే పాతబెల్లంలా పొడైపోయింది.

"ఎండకి పగిలి, వానకి నాని, సందుల్లో ఏర్లు దూరి, లోపలంతా మట్టైపోనాది బాబూ. నిన్న నిటారుగున్న సెట్లు ఇయేల రోడ్డు మీదకొంగినాయి. పైన సెయ్యి దూరేటంత నెర్రె."

నేను వినలేదు. నెలలు నిండిన పిల్లను వానలో నడిపిస్తావా అని నోటికొచ్చినట్టు తిట్టాను. పనిదొంగవన్నాను. ఉద్యోగం పీకిస్తానన్నాను. ఆయన చక్రం ముందు కూర్చున్నారు.

"ఎల్తే నా మీంచి ఎల్లండి" అన్నారు.

డ్రైవరు సూరన్న బస్సును వెనక్కి తీశాడు. అందరం పైనున్న పనివారి పాకకు నడిచాం. నీలమ్మ గారు మా అమ్మాయిని తన మంచం మీద పడుకోబెట్టి వేడి గంజి తాగించారు. మధ్యాహ్నానికి చెట్లు కూలకుండానే కిందికి కదిలాయి. వాటి కింద మట్టీ బండలూ కలిసి జారాయి. మేము దాటబోయిన మలుపు లోయలో కలిసిపోయింది. మర్నాడు తెల్లవారాక ఆ పాకలోనే నాకు మనవరాలు పుట్టింది. బొడ్డు కోసింది నీలమ్మ గారే.

కొండకు అంత కోపం ఎందుకొచ్చిందని అడిగాను ఆయన్ని.

"కోపమేటి బాబూ. నీరు తాగి బరువెక్కీసింది, పట్టు తప్పి దిగింది. కాలవల్లో పూడిక తీసి నీటిని పోనిస్తే కొన్నాళ్లాగుద్ది" అన్నారు.

ఏటా దసరాకు ఆ ఇంటికి బట్టలు పంపుతున్నాను. తప్పు ఒప్పుకోవడం కంటే పంచెలు పంపడం షావుకారికి సులువు. (నవ్వులు) అసిరయ్య గారూ, తప్పు నాది. నలుగురిలో తిట్టాను గనక నలుగురిలోనే చెబుతున్నాను, క్షమించండి.

(అసిరయ్య గారు లేచి: "ఎప్పుడో మర్సిపోనాను బాబూ.")

నేను మరిచిపోలేదు. కూర్చోండి.

ఆయన చోటికి వస్తున్న నరసన్నకు ఒక్క మాట. నువ్వు చెయ్యి అడ్డం పెడితే నాలాంటి వాళ్లు అరుస్తారు. అరవనీ. చెయ్యి మాత్రం దించకు. ఆ బస్సులో నేనుంటే ముందుగా దిగేది నేనే.

ఇంతసేపు ఓపికగా విన్న మీ అందరికీ కృతజ్ఞుణ్ణి. సెలవు.