మెకానిక్ పడవ పరుగు

సాయంత్రం ఐదున్నర. వాన వెలిసి గంటైనా ఎండ రాలేదు. ఎవరూ గడప దాటకూడదన్న రోజులు ముగిశాక వచ్చిన మొదటి ఆదివారం. మోటార్లకు వైండింగ్ కట్టే మెకానిక్ ఇంటి అరుగు మీద వీధిలో సగం మంది చేరారు. అతని భార్య అందరికీ టీ ఇచ్చి గుమ్మంలో నిలబడింది.

"పెద్ద గొప్పేం కాదు బావా," అన్నాడు మెకానిక్, పక్కింటి దర్జీతో. అతను ఎప్పుడూ మొదలుపెట్టేది ఇలాగే. "మూడు నెలలు ఊరికే కూర్చోలేక పడకగది తలుపు విప్పి అడుగు వేశా, పాత బీరువా రేకులతో పక్కలు కట్టా, బ్యాటరీ బండి మోటారు బిగించా. పడవైంది. నిన్న పొద్దున అమ్మనీ, దీన్నీ, పిల్లనీ ఎక్కించుకుని గెడతో ఏటి మధ్యకి తోసుకెళ్ళా. అక్కడ పడవ ముక్కు ఇంటివైపు తిప్పి స్విచ్ నొక్కా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"మునిగింది," అన్నాడు బ్యాటరీ బండి నడిపే డ్రైవరు.

"నీ నోరు మండ! నీళ్ళు తగిలితేగా మునగడానికి? ఎగిరింది! కొంగలు మాతో పోటీపడి రెక్కలు పడిపోయి, కాస్త దూరం దింపమని పడవ అంచు మీద వాలాయి. గట్టు మీద రైలు పోతుంటే దాటేశాం, మెల్లగా పోరా బాబూ అని గార్డు ఎర్రజెండా ఊపాడు. ఇక మా వెనక అల లేచిందే, అది మమ్మల్ని అందుకోలేక ఇంకా వస్తూనే ఉంది, ఒడ్డు చేరేసరికి రేపు మధ్యాహ్నం అవుతుంది, కావాలంటే వెళ్ళి చూడండి."

"పిల్ల భయపడలేదూ?" అన్నాడు దర్జీ.

"నా కూతురికి భయమా! పడవ నత్తనడక నడుస్తోందని నీళ్ళలోకి దూకి, పక్కనే ఈదుతూ పందెం వేసింది. పడవ ఓడిపోతే నా పరువేం కాను? జుట్టు పట్టి పైకి లాగేశా."

అందరూ నవ్వారు. గుమ్మంలో అతని భార్య కుడి అరచేతిని చీరకి తుడుచుకుంది. ఆ జుట్టు పట్టుకున్నది ఆ చెయ్యే.

"అయితే రేపు మా కవలలిద్దర్నీ ఎక్కించు బావా. ఇంట్లో ఉండి ఉండి గోడలు గీకుతున్నారు," అన్నాడు దర్జీ.

"ఇద్దరేం ఖర్మ, బడంతా రానీ! ఎంత నిలకడో మా అమ్మనడుగు. ముందు కొసన మహారాణిలా కూర్చుని, మన డాబా అగ్గిపెట్టెంత అయ్యేదాకా కళ్ళార్పకుండా చూసింది."

డ్రైవరు గ్లాసు కింద పెట్టాడు. "అన్నా, చిన్న సందేహం. ఇంటివైపే వస్తుంటే డాబా పెద్దదవ్వాలి కదా. అగ్గిపెట్టెంత ఎలా అయింది?"



"వెనక్కి పోయింది నాయనా," అంది లోపల్నుంచి ముసలావిడ. "పోయినంతసేపూ వెనక్కే. నీళ్ళన్నీ వీడి ఒళ్ళోకే. చివరికి మళ్ళీ ఆ గెడే గతి."

"రెండు వైర్లు తారుమారు చేసుంటాడు పెద్దమ్మా. నా బండికీ అంతే చేశాడు, వెనక్కెళ్ళి గోడెక్కింది."

నవ్వులు తగ్గేదాకా మెకానిక్ ఆగాడు. "రెండు వైర్లేగా! ఇప్పుడే మార్చేస్తా. బావా, రేపు పొద్దున్నే పిల్లల్ని..."

"పిల్ల దూకలేదు," అంది మెకానిక్ భార్య.

అందరూ గుమ్మంవైపు తిరిగారు.

"కుదుపుకి పడింది. నేను అందుకునేసరికి జుట్టే పైన ఉంది."

మెకానిక్ తల వంచుకున్నాడు. దర్జీ లేచి చెప్పులు వేసుకున్నాడు. "మా వాళ్ళు రారులే చెల్లెమ్మా," అని మెల్లగా చెప్పి వెళ్ళిపోయాడు.

ఆమె లోపలికి నడిచింది. మంచం మీద అత్తగారు, ఒకరు. కిటికీ దగ్గర జడ వేసుకుంటున్న కూతురు, ఇద్దరు. అరుగు మీద తల వంచుకున్న మొగుడు, ముగ్గురు. తనతో నలుగురు. నలుగురూ ఉన్నారు.

మళ్ళీ అత్తగారి దగ్గర్నుంచి మొదలుపెట్టింది.