బుల్లెమ్మ ముడుపు, తాతబ్బాయి కారు

బుల్లెమ్మ పుట్టింటి గుమ్మం తొక్కి ఏళ్ళయిపోయిందంట. ఎందుకూ అంటే, వాళ్ళన్నయ్య సూరిబాబు ఇంట్లో పెళ్ళికి వెళ్తే, ఈవిడ మొగుడు తాతబ్బాయిని రెండో బంతిలో కూర్చోబెట్టారు. ఇంటల్లుణ్ణి రెండో బంతిలోనా అని ఆయన విస్తరి ముందునుంచి లేచొచ్చేశాడు. మరి ఆ కోపం ఏ బంతిలో చల్లారుతుందో ఎవరికి తెలుసు? ఇన్నాళ్ళకి సూరిబాబు మనవడి అన్నప్రాసన పెట్టుకుని, బావని మొదటి బంతిలోనే కూర్చోబెడతాను, విస్తరి ఆపి ఉంచుతాను, రమ్మను అని కబురంపాడు. తాతబ్బాయి సరేనన్నాడు, కాకపోతే కారులో దిగుతాను అన్నాడు. ఆ కారు ఎవరో వాడి వదిలేసింది కొన్నాడనుకోండి, అయినా ఆయన దర్జా కొత్తదే. బుల్లెమ్మకి గుండె కుదురుగా లేదు. దారిలో ఏ అడ్డూ రాకూడదు, అన్నయ్య గుమ్మం తొక్కాలి అని మొక్కుకుని, ఎప్పుడో అన్నయ్య పెట్టిన చీర కొంగు ఇంత చించి, పసుపులో తడిపి, రూపాయి బిళ్ళ ముడేసి, తెల్లారగట్ల మొగుడు చూడకుండా బానెట్టు ఎత్తి లోపల ఒక గొట్టానికి కట్టేసిందంట. కొస కాస్త పొడుగ్గా వదిలింది. అమ్మవారికి కనపడాలి కదా మరి.

ఏమైందంటే, తాతబ్బాయి మల్లెపువ్వులాంటి చొక్కా తొడిగి, పక్కింటి అబ్బుల్ని వెనకాల ఎక్కించుకుని బండి స్టార్టు చేశాడు. లోపల కీచుమంది. వాకిట్లోంచి తిప్పబోతే స్టీరింగు తిరగలి రాయిలా బిగుసుకుపోయింది. ఆయన రెండు చేతులా లాగుతాడు, సీట్లోంచి లేచి లాగుతాడు, అది మాత్రం పెళ్ళిచూపుల్లో పిల్లలా తల తిప్పదు. అబ్బులు దిగి, ముందు టైర్లలో గాలి తగ్గింది అన్నాడు. అబ్బులుకి సైకిలు కూడా రాదు, అది మీకూ తెలుసు. సరే అని గాలి కొట్టారు. ఇంజను ఆపకుండానే కొట్టారు. ఈలోగా ఇంజను వేడెక్కిందని చెప్పే కూలెంటు లైటు ఎర్రగా వెలిగింది, బానెట్టు సందుల్లోంచి ఆవిరి లేచింది. అప్పుడు ఆపాడు. అబ్బులు బానెట్టెత్తి, చేతికి తువ్వాలు చుట్టుకుని నీళ్ళు పోసే మూత తిప్పబోతుంటే బుల్లెమ్మ చెయ్యి పట్టుకుని, కుక్కరు మూత ఇలాగే తీస్తావా, ఆవిరి దిగనియ్యి అందంట. ఆ ఒక్కమాటతో అబ్బులు మొహం దక్కింది. మొహం దక్కి ఏం చేశాడనుకున్నారు? చల్లారేదాకా నేనెందుకులే అని జారుకుని బస్సెక్కేశాడు. తాతబ్బాయి మాత్రం, కారులో వస్తానని చెప్పి బస్సు దిగుతానా అని అరుగు మీద కూర్చున్నాడు. బుల్లెమ్మకి ఏడుపొస్తోంది. మొదటి బంతి లేస్తే ఇక పుట్టిల్లు లేనట్టే. ముడుపు కట్టినా ఇలా అయిందేమిటి తల్లీ అని లోలోపలే అడుగుతోంది.

అబ్బులు వెళ్ళి చెప్పాడు కాబోలు, సూరిబాబు ఒంటికి గంధంతోనే మోటారు సైకిలేసుకుని వచ్చేశాడు. బావతో మాట్లాడలేదు, తిన్నగా బానెట్టెత్తాడు. చూస్తే, నీళ్ళు తిప్పేదీ స్టీరింగుకి బలమిచ్చేదీ ఒకటే బెల్టు, అది ఊడి కింద వేలాడుతోంది. దాని చక్రంలో పసుపు గుడ్డ చుట్టుకుని ఉంది. తాతబ్బాయి అరుగు దిగి, ఎవరో చేతబడి చేశారు అన్నాడు. సూరిబాబు ఆ గుడ్డ మెల్లగా లాగి, అంచు చూసి, చెల్లెలి వైపు తిరిగాడంట.

"ఇది నేను పెట్టిన చీర కదే."

"నీ గుమ్మం తొక్కాలని మొక్కుకున్నానన్నయ్యా."

సూరిబాబు కళ్ళు తుడుచుకున్నాడు. అప్పుడు బావ వైపు తిరిగి, "మొదటి బంతి లేచిపోయి ఉంటుంది బావా. ఇద్దరం ఆఖరి బంతిలో కూర్చుందాం, నేనూ తినలేదు" అన్నాడు. తాతబ్బాయి ఆ పసుపు గుడ్డ వంక చూశాడు, పెళ్ళాం వంక చూశాడు, చొక్కా నలుగుతుందని కూడా అనకుండా బావమరిది మోటారు సైకిలెక్కాడు. వెనకాల బుల్లెమ్మ.

ఆఖరి బంతిలో కూర మిగల్లేదంట, బావా బావమరుదులు పెరుగన్నమే తిన్నారు. తాతబ్బాయికి ఆపిన విస్తరి ఖాళీగా పోలేదులెండి, అబ్బులు కూర్చున్నాడు. కూర బాగుందని ఊరంతా చెప్పాడు. కారుకి బెల్టు వేయించారు, తిరుగుతోంది. బుల్లెమ్మ ఇప్పుడు ముడుపులు వేపచెట్టుకే కడుతోంది. చెట్టయితే ఎటూ తిరగక్కర్లేదు కదా.