చాక్లెట్ల తనిఖీ

"బిల్లు చూపించందే గుమ్మం దాటనివ్వను, అల్లుడుగారూ!"

సూపర్ మార్కెట్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు సెక్యూరిటీ గార్డు మామగారు. అల్లుడు సంచిని గుండెకు హత్తుకున్నాడు. వెనక జనం సణుగుతున్నారు.

"డబ్బు కట్టాక సంచి నాది, మామయ్యగారూ. బిల్లూ చూపించను, చెయ్యీ పెట్టనివ్వను."

"నా కన్నకూతురొచ్చినా తనిఖీ తప్పదు. డ్యూటీ అంటే డ్యూటీ!"

"మీరు తనిఖీ చేసిన ప్రతిసారీ పాప చాక్లెట్ ఇంటికి చేరట్లేదు. దారిలో నేనే మింగేస్తున్నానని మీ అమ్మాయి నాతో మాటలు మానేసింది."

"అయ్యో పాపం! షుగరున్నవాణ్ణి, నాకెందుకు ఆ గోల? ముందు బిల్లు ఇటివ్వండి."

జనం గోల పడలేక అల్లుడు బిల్లు అందించాడు. మామగారి కళ్లు గబగబా కిందికి దిగి ఒకచోట ఆగిపోయాయి.

"మళ్లీ జీడిపప్పుదేనా? పోయినసారిది పళ్లకు అంటుకుని చచ్చాను!"

అనేసి నాలుక్కరుచుకున్నాడు. అల్లుడు అప్పటికే ఫోన్ చెవికి ఆనించాడు.

"వద్దు బాబూ! మీ అత్తయ్యకు తెలిస్తే నా పని అయిపోయినట్టే!"

"ఏమోయ్, పాప చాక్లెట్ల దొంగ దొరికాడు. మీ నాన్నే!"